సైకిళ్ల మీద బందరు వెళ్లాం



మీలో ఎంతమందికి సైకిలు తొక్కడం వచ్చు? రాకపోయినా ఫరవాలేదు. ఆరు నెలల క్రితం మా రాత్రి బడిలో కూడా ముగ్గురికే వచ్చు. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని.

మా ఊరు ఉయ్యూరు దగ్గర ఉంది. పెద్ద రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి రావాలి. మా ఊళ్లోకి బస్సు రాదు. పగలు నేను పిల్లలకు పాఠం చెబుతాను. రాత్రి ఏడు గంటలకు పెద్దవాళ్లకు చెబుతాను. ఆ రాత్రి బడికి వచ్చే ఐదుగురు, నేను, మొత్తం ఆరుగురం కలిసి సైకిళ్ల మీద మచిలీపట్నం వెళ్లి వచ్చాం. ఆ కబురే ఈ పాఠం.

పేర్లు మాత్రం రాయొద్దన్నారు. "రాసింది మా ఇళ్లల్లో కూడా చదువుతారు టీచరమ్మా" అని నవ్వారు. అందుకని వాళ్లు చేసే పని పేరుతోనే చెబుతాను. పాడి గేదెలున్న పాల పిన్ని. బట్టలు కుట్టే మిషను అక్క. అంగన్‌వాడీలో పనిచేసే ఆయమ్మ. కిందటేడు పెళ్లయి మా ఊరొచ్చిన చిన్న కోడలు. వరినాట్లకు ముఠా కట్టి తీసుకెళ్లే నాట్ల వదిన.

ఈ ప్రయాణం అసలు నాట్ల వదినది. మేం తోడు వెళ్లినవాళ్లం.

ఎందుకు వెళ్లాం?

వదిన కూతురు బందరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆదివారం చూడనిస్తారు. పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకే. వదిన ఎప్పుడు వెళ్లినా అన్నయ్యతోనే వెళ్లేది. బస్సు మీద బోర్డు చదవడం రాదు. ఎక్కడ దిగాలో తెలీదు. అన్నయ్యకు పని ఉంటే ఆ నెల కూతుర్ని చూడటం లేదు.

కూతురు బడిలో చదివేటప్పుడు ప్రభుత్వం వాళ్లు ఇచ్చిన సైకిలు ఒకటుంది. పిల్ల బందరు వెళ్లాక దాన్ని గొడ్ల పాకలో ఆనించి పెట్టారు. కోళ్లు దాని మీద పడుకునేవి. ఒకరోజు వదిన దాన్ని కడిగి బడి దగ్గరకు తోసుకొచ్చింది. "నేర్పుతారా టీచరమ్మా?" అంది.

ఊళ్లో ఒకాయన అన్నాడు: "ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారుగా! ఊరికే వచ్చే బస్సు వదిలేసి కాళ్లు అరగదీసుకోవడం ఎందుకు?" నిజమే. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. అది మంచి పనే. కానీ బస్సు మా గుమ్మం దగ్గర ఆగదు కదా. వదిన ఆయనతో ఒకటే మాట చెప్పింది. "రోడ్డు దాకా ఉన్న రెండు కిలోమీటర్ల కోసమే నేర్చుకున్నాను బాబాయ్. నేర్చుకున్నాక ఇంకొంచెం పోవాలనిపించింది."

మనకంటే ముందు వెళ్లినవాళ్లు

సైకిలు నేర్చుకున్న ఆడవాళ్లం మేమే మొదటివాళ్లం కాదు. తమిళనాడులో పుదుక్కోట్టై అని ఒక జిల్లా ఉంది. 1991లో అక్కడ అక్షర ఉద్యమం నడిచింది. దాని పేరు అరివొళి ఇయక్కం. అరివొళి అంటే జ్ఞానమనే వెలుగు. అప్పుడు ఆ జిల్లాకు కలెక్టరు షీలారాణి చుంకత్. ఆమె చదువుతో పాటు సైకిలు కూడా నేర్పాలన్నారు. సైకిలు కొనడానికి బ్యాంకు అప్పులు ఇప్పించారు. కూలీ పనివాళ్లు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లు, నర్సులు, అంగన్‌వాడీ వాళ్లు వేలమంది నేర్చుకున్నారు. 1992 మార్చి మహిళా దినోత్సవం నాడు 1,500 మంది ఆడవాళ్లు సైకిళ్లకు జెండాలు కట్టి, బెల్లులు కొడుతూ పుదుక్కోట్టై వీధుల్లోకి వచ్చారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే కొన్నారట. మధ్యలో అడ్డంగా ఉండే కమ్మీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయట.

ఈ సంగతి చదివి వినిపిస్తే పాల పిన్ని అడిగింది. "వాళ్లు చీరలు కట్టుకునే తొక్కారా?" అని. చీరలతోనే తొక్కారని చెప్పాను. "ఐతే మనకేం రోగం?" అంది.

బడి ఆవరణలోనే నేర్చుకున్నారు. పడ్డారు. మోకాళ్లు చీరుకుపోయాయి. చిన్న కోడలు వారంలో నేర్చుకుంది. వదినకు నెలన్నర పట్టింది. పడతానన్న భయంతో సీటు బాగా కిందికి దించుకుంది. రెండు కాళ్లూ నేలకు ఆనితే గానీ సీటెక్కేది కాదు. నేనూ సరేలే అని ఊరుకున్నాను. నేను ఊరుకోకుండా ఉండాల్సింది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

తర్వాత ఉయ్యూరు దాకా వెళ్లాం. ఒక ఆదివారం కంకిపాడు దాకా వెళ్లి వచ్చాం. కాళ్లకు అలవాటు అలాగే అవుతుంది. మొదటిరోజే దూరం పెట్టుకోకూడదు.

లెక్క

బయలుదేరే ముందు నల్లబల్ల మీద లెక్క వేశాం. మీరూ పలక మీద వేయండి.

మా ఊరి నుంచి ఉయ్యూరు 2 కిలోమీటర్లు. ఉయ్యూరు నుంచి పామర్రు సుమారు 14. పామర్రు నుంచి మచిలీపట్నం సుమారు 28. మొత్తం 44.

నెమ్మదిగా తొక్కినా గంటకు 10 కిలోమీటర్లు పోతాం. 44ని 10తో భాగిస్తే దగ్గర దగ్గర నాలుగున్నర గంటలు. తిండికి, విశ్రాంతికి ఇంకో గంట. పొద్దున 6 గంటలకు బయలుదేరితే పదకొండున్నరకు బందరులో ఉంటాం. హాస్టలు మూసేది 4 గంటలకు. కాబట్టి బోలెడు టైముంది.

ఈ లెక్క వేసింది నేను. కూడిక తప్పు లేదు. భాగహారం తప్పు లేదు. కానీ నా లెక్కలో మంచు లేదు. గాలి లేదు. ముల్లు లేదు.

మాఘమాసంలో ఒక ఆదివారం తెల్లవారుజామున అందరం బడి దగ్గర కలిశాం. వదిన సైకిలు టైర్లు రాయిలాగా గట్టిగా ఉన్నాయి. ఎవరు గాలి కొట్టారని అడిగితే తెలీదంది. "రాత్రి మీ అన్నయ్య పాకలో ఏదో చేశాడు. నన్నేం అడగలేదు. నేనూ అడగలేదు" అంది. నిన్నటి దాకా "నలుగురూ నవ్వుతారు" అన్న మనిషి ఆయన.

మంచు బాగా కురుస్తోంది. పది అడుగుల అవతల ఏముందో కనపడటం లేదు. "పోదాం పదండి, బెల్లు కొట్టుకుంటూ పోదాం" అంది చిన్న కోడలు. పాల పిన్ని సైకిలు స్టాండు వేసింది. "చెరుకు ట్రాక్టరు వాడికి నీ బెల్లు వినపడుతుందా? కూర్చో" అంది. కూర్చున్నాం. ఎండ వచ్చి మంచు విడిచేసరికి ఏడున్నర అయింది. గంటన్నర అక్కడే పోయింది. ఐనా పిన్ని చెప్పిందే సరి. మంచులో పెద్ద రోడ్డు ఎక్కకూడదు.

రోడ్డు మీద

ఉయ్యూరు దాటాక జాతీయ రహదారి. పెద్దవాళ్లు బందరు రోడ్డు అంటారు. ఇప్పుడు దాని నంబరు 65. రోడ్డు వెడల్పు చేశాక బళ్లు చాలా వేగంగా పోతున్నాయి. అందుకని మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఎడమవైపు అంచునే పోవాలి. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోకూడదు, ఒకరి వెనక ఒకరు పోవాలి. ముందున్న మనిషి గుంట కనపడితే "గుంట!" అని అరవాలి. ఆగాలంటే చెయ్యి ఎత్తి చెప్పాలి. దగ్గరి దారని ఎదురు వైపున పోకూడదు. చీర కట్టుకున్నవాళ్లు కొంగు నడుముకి చుట్టి దోపుకోవాలి, కుచ్చిళ్లు గొలుసులో పడకుండా ఎత్తి కట్టుకోవాలి. మిషను అక్క ముందురోజే అందరికీ నాడాలు కుట్టి ఇచ్చింది, కుచ్చిళ్లు కట్టుకోవడానికి.

రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లుంటాయి. మీరు చాలాసార్లు చూసే ఉంటారు. రాయి నెత్తిన పసుపు రంగుంటే అది జాతీయ రహదారి. ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. నారింజ రంగుంటే పల్లెరోడ్డు. రంగు కింద ఊరి పేరు, దాని కింద అంకె ఉంటాయి. ఆ ఊరు ఇంకా ఎంత దూరమో ఆ అంకె చెబుతుంది.

రెండు పక్కలా కోసేసిన వరి చేలు. వాటిలో మినుము పచ్చగా ఉంది. వదిన ప్రతి చేనూ చూస్తూ, ఏది ముందు వేశారో ఏది వెనక వేశారో చెబుతూ వచ్చింది. పామర్రు చేరేసరికి తొమ్మిదిన్నర. ఇడ్లీ తిన్నాం.

పామర్రు కూడలిలో దారులు చీలతాయి. అక్కడ పెద్ద బోర్డుంది. వదిన దాని కింద నిలబడి చాలాసేపు చూసింది. "గు-డి-వా-డ. గుడివాడ" అని చదివింది. "చ-ల్ల-ప-ల్లి" అని చదివింది. తర్వాత ఆగిపోయింది. మొహం చిన్నబోయింది.

"బందరు లేదు టీచరమ్మా. బందరు రాయలేదు" అంది.

అప్పుడు నాకు తట్టింది. మేమందరం నోటితో బందరు అంటాం. బోర్డు మీద మచిలీపట్నం అని రాస్తారు. రెండూ ఒకటే ఊరు. వదినకు ఆ సంగతి తెలుసు. కానీ కళ్లు మాత్రం 'బ' కోసమే వెతికాయి. "మ చూడు వదినా" అన్నాను. చూసింది. "మ-చి-లీ-ప..." దాకా వచ్చింది. 'ట' కింద 'న' ఒత్తు దగ్గర కొంచెం తడబడింది. ఆయమ్మ వేలితో గాలిలో రాసి చూపించింది. "ట్నం!" అని గట్టిగా అంది వదిన. ఇడ్లీ బండి దగ్గరివాళ్లు తిరిగి చూశారు.

మీ ఊళ్లో కూడా ఇలాంటి పేర్లుంటాయి. పిలిచేది ఒకటి, రాసేది ఒకటి. అలాంటివి ముందే రాసుకుని చూసుకోండి. నేను చెప్పకపోవడం నా తప్పే.

పంక్చరు

పామర్రులో పదింటికి బయలుదేరాం. 'మచిలీపట్నం 21' అని రాసి ఉన్న రాయి దాటగానే ఒక సైకిలుకు గాలి పోయింది. ఎవరి సైకిలో తెలుసా? నాదే. అందరివీ మామూలు సైకిళ్లు. నాదొక్కటే గేర్ల సైకిలు, కొత్తది. అందరికీ నీళ్ల సీసా తెచ్చుకోండి, తువ్వాలు తెచ్చుకోండి అని చెప్పాను. పంక్చరు అతికే సామాను తేవాలని మాత్రం నాకు గుర్తు రాలేదు.

నిడుమోలులో షాపుందని ఒక గొర్రెల కాపరి చెప్పాడు. నేను సైకిలు నడిపించుకుంటూ బయలుదేరాను. మిగతావాళ్లు ముందుకెళ్లి ఆగొచ్చు. కానీ అందరూ దిగి నాతోపాటే నడిచారు. మూడు కిలోమీటర్లు నడవడానికి ముప్పావుగంట పట్టింది. ఆదివారం కదా, షాపు మూసి ఉంది. ఇంటికి కబురు పంపితే ఆయన అన్నం తిని వచ్చాడు. ట్యూబు నీళ్లల్లో ముంచి బుడగలు వచ్చేచోట గుర్తు పెట్టాడు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, ఆరాక ముక్క అతికించాడు. తుమ్మముల్లు తీసి నా చేతిలో పెట్టాడు. చూస్తే చిటికెన వేలి గోరంత లేదు. అప్పటికి పన్నెండున్నర అయింది. హాస్టలు మూయడానికి ఇంక మూడున్నర గంటలే ఉంది.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. వదిన గట్టు మీద కూర్చుని మోకాలు నొక్కుకుంటోంది. పామర్రు నుంచే నొప్పి మొదలైందట. చెప్పలేదు.

మిషను అక్క అంది: "వదినా, నువ్వు బస్సెక్కు. నీ సైకిలు ఈయన దగ్గర పెడదాం. కాసేపట్లో నీ కూతురు దగ్గరుంటావు."

నేను కూడా అదే మంచిదన్నాను. చిన్న కోడలు కూడా అంది. ఆ మాట చెడ్డది కాదు. మేం వచ్చిందే ఆమె కూతుర్ని చూడటానికి.

వదిన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది. "సైకిలు దానిది. దాని దగ్గరికి తీసుకెళ్తానని ఫోనులో చెప్పాను."

ఎవరమూ ఏమీ అనలేదు. పాల పిన్ని మాత్రం నా వైపు తిరిగింది. "టీచరమ్మా, నువ్వు నాట్లకు ఎప్పుడన్నా వచ్చావా? మునుం పట్టాక ఒకళ్లు వెనకబడితే ఏం చేస్తాం? గట్టెక్కమంటామా? అటు పక్కామె రెండు కుదుళ్లు, ఇటు పక్కామె రెండు కుదుళ్లు అందుకుంటారు. ఈమె వరసలోకి వచ్చేస్తుంది. ఇన్నేళ్లు మా అందరి మునుం అందుకున్నది ఈమే" అంది.

పంక్చరు షాపాయన ఇదంతా వింటున్నాడు. వదిన సైకిలు దగ్గరకెళ్లి చూసి, "మోకాలు నొప్పి రాక ఏం చేస్తుందమ్మా? సీటు చూడండి ఎంత కిందికుందో" అన్నాడు. స్పానరు తెచ్చి సీటు మూడు వేళ్లు పైకెత్తాడు.

ఇది మీరు కూడా గుర్తుంచుకోండి. సీటు మీద కూర్చుని పెడలు బాగా కిందికి తొక్కినప్పుడు కాలు దాదాపు చాచినట్టు ఉండాలి. కొంచెం వంపు మిగలాలి. సీటు బాగా కిందికుంటే మోకాలు ప్రతిసారీ మడిచినట్టే ఉంటుంది. భారమంతా దాని మీదే పడుతుంది. దగ్గర దూరాలకు తెలీదు. పది, పదిహేను కిలోమీటర్లు దాటాక తెలుస్తుంది. కొత్తలో సీటు కిందికుంటే ధైర్యం. నేర్చుకున్నాక కొంచెం కొంచెం పైకి ఎత్తుకోవాలి. ఈ పని నేను నెల రోజుల ముందే చేయించాల్సింది.

వదిన ఎక్కి చూసింది. కాళ్లు నేలకు అందటం లేదు. మునివేళ్లే ఆనుతున్నాయి. భయపడింది. రెండు చుట్లు తిరిగింది. "నొప్పి పూర్తిగా పోలేదు. కానీ తొక్కొచ్చు" అంది.

గాలి

నిడుమోలు దాటాం. అక్కడి రాయి మీద 'మచిలీపట్నం 18' అని ఉంది. అప్పటికి ఎదురుగాలి మొదలైంది.

పొద్దెక్కేకొద్దీ నేల త్వరగా వేడెక్కుతుంది. సముద్రం అంత త్వరగా వేడెక్కదు. వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తుంది. ఆ చోటుకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అందుకే మన కోస్తాలో మధ్యాహ్నం నుంచి సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంది. నేను పిల్లలకు ఈ పాఠం ఎన్నోసార్లు చెప్పాను. కానీ మధ్యాహ్నం వేళ బందరు వైపు సైకిలు తొక్కితే ఆ గాలి మొహానికే కొడుతుందని ఆలోచించలేదు. "పొద్దున్నే పోకపోతే పైరగాలి తిరుగుతుంది టీచరమ్మా" అని పాల పిన్ని ముందురోజే చెప్పింది. నేనేమో చల్లగాలే కదా అనుకున్నాను.

గాలికి తొక్కుతుంటే సైకిలు బురదలో దిగబడ్డట్టు ఉంటుంది. 18 నుంచి 17కు పోవడానికి పది నిమిషాలు పట్టింది. అందరం ఎవరికి తోచినట్టు వాళ్లం, వరస తప్పి తొక్కుతున్నాం. వదిన వెనకబడింది.

17 దగ్గర ఆగాం. వదిన వగరుస్తూనే లెక్క వేసింది. "రాయికి పది నిమిషాలు. పదిహేడు రాళ్లు. నూట డెబ్బై నిమిషాలు. అంటే మూడు గంటలకు పది తక్కువ. ఇప్పుడు పన్నెండూ నలభై. మూడున్నరవుతుంది. ఊళ్లో వెతుక్కోవాలి. మధ్యలో ఆగితే అందదు." ఈ లెక్కలో నేను ఒక్క అంకె కూడా చెప్పలేదు.

అప్పుడు వరస మార్చాం. ముందు ఒకరు తొక్కుతారు. మిగతావాళ్లం ఒక సైకిలంత దూరం వదిలి వెనకే పోతాం. ముందున్న మనిషి గాలి కాస్తుంది. వెనకున్నవాళ్లకు గాలి సగం కూడా తగలనట్టు ఉంటుంది. ఒక రాయి రాగానే ముందున్న మనిషి పక్కకు తప్పుకుని వరస చివరకు వస్తుంది. రెండో ఆమె ముందుకు వస్తుంది. పోటీలకు పోయేవాళ్లు కూడా ఇలాగే తొక్కుతారు. కానీ మా వాళ్లకు ఇది నేర్పాల్సిన పని పడలేదు. "మునుమే కదా" అన్నారు. జాగ్రత్త ఒకటే. ముందు సైకిలు చక్రానికి మన చక్రం తగలకూడదు. తగిలితే పడేది వెనకున్న మనిషే.

వదినను ముందుకు పోనివ్వలేదు. మూడో మనిషిగానే ఉంచాం. మొదట పాల పిన్ని, తర్వాత చిన్న కోడలు, తర్వాత నేను. రాయికి ఎనిమిది నిమిషాలు పట్టింది. పది నుంచి ఎనిమిదికి వచ్చాం. పదిహేడు రాళ్లకు ఎంత మిగిలిందో మీరే వేసుకోండి.

ఆ మిగిలిన టైములోనే గూడూరు దగ్గర చెట్టు కింద అరగంట ఆగాం. ఆయమ్మకు కళ్లు తిరిగాయి. పొద్దుటి నుంచి నీళ్లు సరిగా తాగలేదట. దారిలో పక్కకు వెళ్లాల్సి వస్తుందని భయం. ఆడవాళ్లం అందరం ఇదే పని చేస్తాం. ఎండలో ఇది ప్రమాదం. పెట్రోలు బంకుల్లో, బస్టాండుల్లో మరుగుదొడ్లుంటాయి, అడిగి వాడుకోవచ్చు. నీళ్లు మాత్రం మానకూడదు. ఆయమ్మ చేతే కలిపించాం, ఆమె అంగన్‌వాడీలో అందరికీ చెప్పేదే: లీటరు మంచినీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి తీసుకోవాలి. ఉప్పు అంతకు మించకూడదు. కొంచెం కొంచెంగా తాగింది. "ఊరందరికీ చెప్పి నేనే తాగలేదు" అని సిగ్గుపడింది. ఆ రోజు నాకు ఆమె ఒక్కతే తోడు దొరికింది.

'మచిలీపట్నం 5' రాయి దగ్గర వదిన అంది. "ఇప్పుడు నేను ముందుంటా." వద్దన్నాం. వినలేదు. గాలి ఆమె మొహానికి కొడుతోంది. పది నిమిషాలు పట్టింది ఆ రాయికి. ఎవరమూ తొందర పెట్టలేదు.

హాస్టలు

ఊళ్లో రెండుచోట్ల అడిగాం. హాస్టలు గేటు దగ్గరకు చేరేసరికి నాలుగుకు ఇరవై నిమిషాలు తక్కువ. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక పుస్తకం ఇచ్చాడు. దాంట్లో గళ్లున్నాయి. పేరు, ఊరు, ఎవరిని చూడాలి, వచ్చిన టైము, సంతకం. ఆ చివర ఇంకో గడి. బండి నంబరు.

పైన రాసినవాళ్లందరూ మోటారు సైకిలు నంబరో ఆటో నంబరో రాశారు. కొందరు గీత గీశారు. వదిన మొదటి నాలుగు గళ్లు నింపింది. సంతకం చేసింది. బండి నంబరు దగ్గర ఆగింది. వాచ్‌మన్ "అది వదిలెయ్యమ్మా" అన్నాడు. వదిన వదల్లేదు. 'సైకిలు' అని రాసింది.

కూతురు వచ్చింది. అమ్మ వైపు చూసింది, మా అందరి వైపు చూసింది. గోడకు ఆనించిన సైకిలు వైపు చూసింది. పరుగెత్తుకొచ్చి సీటు పట్టుకుంది.

"సీటెవరు ఎత్తారు? నా కొలత కాదు ఇది" అంది.

"ఇప్పుడది నా కొలత. నీకు కావాలంటే దించుకో" అంది వదిన.

ఇద్దరూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. మేం బయటే నిలబడ్డాం. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. వదిన సైకిలు అక్కడ వదలబోతే పిల్ల ఒప్పుకోలేదు. "నాకు కాలేజీ ఈ పక్కనే. నువ్వు మళ్లీ ఎట్లా వస్తావు?" అందట.

ఆ రాత్రి చిలకలపూడిలో ఆయమ్మ చుట్టాలింట్లో పడుకున్నాం. మర్నాడు తెల్లారే మంగినపూడి సముద్రానికి కూడా వెళ్లాం. బందరు నుంచి 11 కిలోమీటర్లు. పాల పిన్ని జీవితంలో మొదటిసారి సముద్రం చూసింది. పాదాలు తడుపుకుని, "ఇన్ని నీళ్లుండి ఒక్క ఎకరం పండదు" అని తిట్టింది. బందరు లడ్డు కొనుక్కున్నాం.

తిరుగు ప్రయాణం పదకొండు తర్వాత పెట్టుకున్నాం. ఈసారి పాల పిన్నిని అడిగి టైము నిర్ణయించాను. గాలి వీపుకి వచ్చింది. అదే రోడ్డు, అవే సైకిళ్లు. రాయికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చీకటి పడకముందే ఊరు చేరాం. పిన్ని ఇంట్లోకి పోకుండా నేరుగా గేదెల దగ్గరకెళ్లింది. రెండు రోజులు కొడుకు పాలు పిండాడట, అవి సరిగా ఇవ్వలేదట.

సోమవారం రాత్రి బడికి ఒక్కరూ రాలేదు. నేనూ నిద్రపోయాను. మంగళవారం అందరూ వచ్చారు. కుంటుకుంటూ వచ్చారు. వదిన పలక తీసి ఏదో రాస్తోంది, తుడుస్తోంది. మళ్లీ రాస్తోంది. చివరకు నన్ను పిలిచింది.

"టీచరమ్మా, అవనిగడ్డలో డ కింద ఒత్తు ఎట్లా రాయాలి?"